పాత క్యారవాన్‌కి డీజిల్ లైన్లు మార్చడం – మూడో పాఠం: కారడం ఆగింది, తెల్లారి స్టార్ట్ కావడం లేదు

అసలు ఈ పాఠంలో ట్యాంకు దింపాల్సింది. దాన్ని నాలుగో పాఠానికి జరిపాను. రెండో పాఠం చూసి గొట్టాలు మార్చుకున్నవాళ్ళు ఎక్కువమంది ఒకే చోట ఆగిపోయారు. బండి కింద చుక్క పడటం లేదు, సాయంత్రం బాగానే తిరిగింది, తెల్లారి సెల్ఫ్ కొడితే మాత్రం ఇంజన్ అందుకోవడం లేదు. హ్యాండ్ ప్రైమర్ (చేత్తో నొక్కి డీజిల్ ఎక్కించే చిన్న పంపు) పాతిక ముప్ఫై సార్లు నొక్కితే అందుకుంటుంది, ఆ తర్వాత రోజంతా ఏ ఇబ్బందీ ఉండదు.

ఇంజన్లోకి డీజిల్ చిమ్మే నాజిళ్ళు విప్పొద్దు. వాటికి డీజిల్ కొట్టే మైకో పంపుని కాలిబ్రేషన్‌కి పంపొద్దు. లైను గాలి పీలుస్తోంది.

ట్యాంకు నుంచి ఫీడ్ పంపు (ట్యాంకులోని డీజిల్‌ని ఇంజన్ దగ్గరికి లాగే పంపు) వరకు ఉన్నది పీల్చే వైపు. ఇంజన్ నడుస్తున్నప్పుడు ఆ గొట్టంలో ఒత్తిడి బయటి గాలి కన్నా తక్కువ. అందుకే అక్కడ సందు ఉన్నా డీజిల్ బయటికి రాదు, గాలే లోపలికి పోతుంది. రాత్రి బండి ఆపాక ఆ సందులోంచే గాలి దూరి, గొట్టంలోని డీజిల్ ట్యాంకులోకి జారిపోతుంది, ఎందుకంటే ట్యాంకు ఇంజన్ కన్నా కిందే ఉంటుంది. పొద్దున ఖాళీ గొట్టంతో స్టార్ట్ చేస్తున్నారన్నమాట. ఫీడ్ పంపు దాటాక ఫిల్టరు వరకు నెట్టే వైపు. అక్కడ సందుంటే తడి కనబడుతుంది. గుడ్డతో తుడిచి, తడి లేదు కాబట్టి లీకు లేదని తేల్చేయడం పీల్చే వైపు పనికిరాదు.

ఇక ఆ సందు ఎక్కడిది? దాదాపు ప్రతి బండిలోనూ కారణం ఒకటే: స్టీలు పైపు కన్నా పెద్ద రబ్బరు గొట్టం తొడిగి, క్లిప్పుతో నొక్కేశారు. రెండో పాఠంలో ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశాను. ఇప్పుడు లెక్కతో చెబుతాను.

మీ స్టీలు పైపు బయటి కొలత 8 ఎంఎం అనుకోండి. దాని చుట్టుకొలత 25 ఎంఎం. కొట్టువాడు ఇచ్చిన గొట్టం లోపలి కొలత 10 ఎంఎం అయితే దాని లోపలి చుట్టుకొలత 31 ఎంఎం పైనే. మిగిలిన 6 ఎంఎం రబ్బరు ఎక్కడికి పోవాలి? క్లిప్పు ఎంత బిగించినా రబ్బరు కుంచించుకుపోదు, చీర కుచ్చిళ్ళలా ముడత పడుతుంది. ఆ ముడత ఎప్పుడూ క్లిప్పు స్క్రూ కిందే వస్తుంది, ఎందుకంటే పట్టీ గుండ్రంగా నొక్కలేని చోటు అదొక్కటే. ముడత లోపల పైపు పొడవునా సన్నటి కాలువ మిగులుతుంది. డీజిల్ చిక్కన కాబట్టి చుక్కగా రాదు, గాలి పలచన కాబట్టి దూరుతుంది. ఇంకా బిగిస్తే ముడత గట్టిపడుతుందే తప్ప కాలువ మూసుకోదు. గాట్లు కోసిన పట్టీ అయితే ఆ గాట్లలోకి రబ్బరు పొంగి తెగుతుంది. వారం తర్వాత అక్కడే చుక్క మొదలవుతుంది.

నమ్మకం లేకపోతే అలాంటి జాయింటు ఒకటి విప్పి, గొట్టాన్ని బ్లేడుతో నిలువునా చీల్చి చూడండి. లోపల నల్లటి రబ్బరు మీద పైపు ఆనిన చోటంతా నున్నగా మెరుస్తుంది. ఒక్కచోట మాత్రం జొన్న ఆకు ఈనెలా మెరుపు లేని గీత చివరి నుంచి చివరికి పోతుంది. గాలి వచ్చిన దారి అదే.

మరో తప్పు అంగుళాలకీ ఎంఎంకీ లంకె పెట్టడం. 5/16 అంగుళం అంటే 7.9 ఎంఎం, దాన్ని 8 కింద వాడుకోవచ్చు. 3/8 అంటే 9.5 ఎంఎం. ఆటోనగర్లో ‘పది, త్రీ బై ఎయిట్ రెండూ ఒకటేనండీ’ అంటారు. 10 ఎంఎం పైపుకి 3/8 గొట్టం కష్టపడి ఎక్కుతుంది, పరవాలేదు. 3/8 పైపుకి 10 ఎంఎం గొట్టం వదులు, వద్దు. కొట్టుకి వెళ్ళేముందు పైపుని వెర్నియర్‌తో కొలవండి. వెర్నియర్ లేకపోతే కాగితం పేలిక చుట్టి, ఆ పొడవుని 3.14తో భాగించండి. కోసిన పాత గొట్టాన్ని నమూనాగా తీసుకెళ్ళొద్దు, అది ఏళ్ళ తరబడి సాగి ఉంటుంది.

గొట్టం మీద ఎస్‌ఏఈ జె30 ఆర్9 (ఇంధన గొట్టాల ప్రమాణం, అందులో రకం) అని అచ్చు ఉన్నదే కొంటాను. పీల్చే వైపుకి ఆర్7 సరిపోతుంది, తప్పేమీ లేదు. కానీ సైలెన్సరు పక్క నుంచి పోయే లైనుకి విజయవాడ మే నెల వేడిలో ఆర్9 లోపలి పొర ఎక్కువ కాలం ఉంటుంది. క్లిప్పులు పట్టీ నున్నగా ఉండి, అంచులు పైకి మడిచి, చిన్న నట్టు బోల్టుతో బిగిసేవి తీసుకోండి. గొట్టం పైపు మీదికి కనీసం 25 ఎంఎం ఎక్కాలి. పైపు చివర ఉబ్బు ఉంటే క్లిప్పు ఆ ఉబ్బు దాటాక రావాలి, ఉబ్బు మీద కాదు.

సూర్యలంక వైపు తరచూ తిరిగే బండ్లకి ఇంకొకటి కూడా చూడాలి. ఉప్పుగాలికి స్టీలు పైపు ఛాసిస్ క్లిప్పుల కింద తుప్పు పడుతుంది, బయటికి కనబడదు. పైపు చివర తుప్పు గీకేటప్పుడు ఎమరీ కాగితాన్ని పైపు చుట్టూ తిప్పండి, పొడవునా లాగొద్దు. పొడవునా పడ్డ ప్రతి గీతా గాలికి దారే. పైపు మరీ పాడైతే ఏసీ పనివాళ్ళ దగ్గర దొరికే రాగి గొట్టం వేయొద్దు. అదురుకి గట్టిపడి చిట్లుతుంది, పైగా రాగి తగిలితే డీజిల్ త్వరగా చెడి జిగురు కడుతుంది.

సందు వెతకడానికి 8 ఎంఎం పారదర్శక గొట్టం మూర ముక్క చాలు. ఫీడ్ పంపులోకి వచ్చే చోట తాత్కాలికంగా కలిపి, ఇంజన్ నడిపి, టార్చి వేసి చూడండి. బుడగలు వరసగా వస్తుంటే ముక్కని ట్యాంకు వైపు ఒక్కో జాయింటు చొప్పున జరపండి. ఎక్కడ బుడగలు ఆగుతాయో దానికి పంపు వైపున్న జాయింటే దోషి. పంపు దగ్గరే బుడగలు లేకపోతే లైను బాగుంది, పాత హ్యాండ్ ప్రైమర్ లోపలి సీలు అరిగి ఉండొచ్చు. అలా అయితే ప్రైమర్ మొత్తం మార్చండి, రిపేరు దండగ. పని అయ్యాక పారదర్శక గొట్టం తీసేయండి, వేడికి అది బిరుసెక్కి జారుతుంది.

ట్యాంకు సగం పైన ఉంటే బాగా నడిచి, పావుకి దిగగానే గాలి పడితే, ట్యాంకు లోపల పీల్చే పైపుకి తుప్పు చిల్లు పడిందన్నమాట. నిండు ట్యాంకుతో నడిచి సగంలో ఆగిపోతే పీల్చే లైనూ, మిగిలిన డీజిల్‌ని ట్యాంకుకి తిరిగి తెచ్చే రిటర్న్ లైనూ తారుమారు చేశారు. చాలా ట్యాంకుల్లో రిటర్న్ పైపు పొట్టిగా ఉంటుంది. జనరేటర్ కోసం పీల్చే లైనుకి టీ జాయింటు పెట్టినవాళ్ళు ముందు దాన్నే తీసేయండి. జనరేటర్ ఆగి ఉన్నప్పుడు ఆ కొమ్మలోంచి గాలి లాగుతుంది. దానికి ట్యాంకులోంచి వేరే పైపు ఉండాలి.

ఒక్క హెచ్చరిక. డీజిల్ అంటుకోదన్న ధైర్యంతో పని చేయకండి. మన దేశంలో అమ్మే డీజిల్‌కి ఐఎస్ 1460 ప్రమాణం ప్రకారం ఫ్లాష్ పాయింటు (ఆవిరి నిప్పు తగిలితే అంటుకునే వేడి) కనీసం 35 డిగ్రీలుంటే చాలు. బెజవాడ ఎండ 40 దాటుతుంది, ఛాసిస్ ఇనుము ఇంకా వేడి. పైన క్యాబిన్లో గ్యాస్ పొయ్యి, ఇన్వర్టర్ ఉన్న బండి ఇది. సిలిండర్ దింపి దూరంగా పెట్టండి, బ్యాటరీ నెగెటివ్ తీయండి, తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు పని ముగించండి.

లైనులో చేరిన గాలి (ఎయిర్) తీయడం మొదటి పాఠంలో ఉంది. కామన్ రైల్ ఇంజన్ (నాజిళ్ళన్నిటికీ ఒకే గొట్టంలో చాలా ఎక్కువ ఒత్తిడితో డీజిల్ ఉంచే కొత్త రకం) ఉన్నవాళ్ళు నాజిల్ పైపు నట్టు వదులు చేసే పద్ధతి ముట్టుకోవద్దు, ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దిగుతుంది.

అభ్యాసం కష్టంగానే ఉంటుంది. 8 ఎంఎం స్టీలు పైపు ముక్కలు, సరైన గొట్టం, కొత్త క్లిప్పులతో పది జాయింట్లు చేయండి. ఒక చివర మూసి, రెండో చివర సైకిల్ పంపుతో 5 పీఎస్‌ఐ గాలి ఎక్కించి, బకెట్ నీళ్ళలో పది నిమిషాలు ముంచి ఉంచండి. ఒక్కటి బుడగ వదిలినా పదీ మళ్ళీ చేయాలి. ఆ తర్వాత పదీ నిలువునా చీల్చి, లోపల మెరుపు చుట్టూ తెగకుండా ఉందో లేదో చూడండి. గాలి ఎక్కించే ఈ పరీక్ష ట్యాంకు మీద ఎప్పుడూ చేయొద్దు.

బండి మీద జాయింట్లు మార్చాక మంగళగిరి మీదుగా గుంటూరు వెళ్ళి రండి. రాత్రి ముందు చక్రాలు ఎత్తులో ఉండేలా వాలులో ఆపండి. డీజిల్ వెనక్కి జారడానికి అంతకన్నా అనుకూలమైన స్థితి లేదు. ప్రైమర్ ముట్టకుండా పొద్దున అందుకుంటే లైను సరైనట్టే.

నాలుగో పాఠానికి ట్యాంకుని పావు కన్నా తక్కువకి తెచ్చుకోండి. 60 లీటర్ల డీజిల్ అంటే 50 కిలోలు. బండి కింద పడుకుని అంత బరువు దింపలేరు.