పాస్‌పోర్ట్ దరఖాస్తు: కౌంటర్‌లో తీసే ఫొటోకి ఎలా తయారై వెళ్లాలి

పాస్‌పోర్ట్‌కి వెళ్లేవాళ్లలో చాలామంది స్టూడియోలో ఫొటోలు తీయించుకుని, కవర్లో పెట్టుకుని మరీ బయల్దేరతారు. పెద్దవాళ్లకి వాటితో పనిలేదు. పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో కౌంటర్ ముందు కూర్చోబెట్టి అక్కడికక్కడే తీస్తారు. పద్దెనిమిది నిండినవాళ్లకి ఆ పుస్తకం 10 ఏళ్లు చెల్లుతుంది కాబట్టి, ఆ అరనిమిషంలో పడ్డ మొహమే పదేళ్లూ చూపించుకోవాలి.

మా పిన్ని కువైట్ వెళ్లడానికని అప్లై చేసినప్పుడు తలకి కొబ్బరినూనె దట్టించి, తెల్ల నేత చీర కట్టుకుని బయల్దేరింది. సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కి నరసాపురంలో దిగేసరికే గాలికి జుట్టు చెదిరింది, ఉక్కకి మొహం జిడ్డోడింది. ఫొటోలో వెనకున్న తెలుపులో చీర కలిసిపోయి భుజాలే కనపడవు. నుదుటి మీద లైటు మెరుపు, కళ్లు సగం మూత. ఎంతో కళగల మనిషి, ఆ పేజీ మీద బొటనవేలు అడ్డం పెట్టి పుస్తకం చూపించేది. అది చూసి నాకు ప్రాణం ఉసూరుమనేది.

ముందు దరఖాస్తు సంగతి. పాస్‌పోర్ట్ సేవా వెబ్‌సైట్‌లో గానీ, ఎం పాస్‌పోర్ట్ సేవా యాప్‌లో గానీ రిజిస్టర్ అయి ఫారం నింపాలి. పేరు, పుట్టిన తేదీ మీ సర్టిఫికెట్లలో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా రాయండి. పెద్దవాళ్లకి 36 పేజీల పుస్తకానికి ఫీజు 1,500 రూపాయలు. తొందరగా కావాలని తత్కాల్‌లో పెట్టుకుంటే పైన ఇంకో 2,000. డబ్బు కట్టాక కేంద్రాన్ని, స్లాట్‌ని ఎంచుకోవాలి. మన గోదావరి వైపు భీమవరంలో సేవా కేంద్రం ఉంది. కొన్ని ఊళ్లలో పోస్టాఫీసుల్లోనూ పెట్టారు. దొరికితే పొద్దున్న స్లాటే తీసుకోండి, మొహం వాడిపోకముందే పని అయిపోతుంది. ఆ రోజుకి జ్వరమో, కళ్లకలకో వస్తే అలాగే వెళ్లకండి. ఏడాదిలోపు మూడుసార్ల వరకు తేదీ మార్చుకోవచ్చు.

బట్టల విషయంలో ఒక్కటే మాట: తెలుపూ వద్దు, లేతరంగూ వద్దు. ముదురు నీలం, మెరూన్, ఆకుపచ్చ ఏదైనా బాగుంటుంది. జరీ మరీ మెరిసేది వద్దు. తలకి నూనె ముందురోజు రాత్రే పెట్టుకుని, పొద్దున్నే తలస్నానం చేసి ఆరబెట్టుకోండి. పౌడరు దట్టంగా వేస్తే లైటు కింద బూడిద పూసినట్టు పడుతుంది. సంచిలో దువ్వెన, తడిపి పిండిన చేతిరుమాలు, ఒక పొడి తువ్వాలు చాలు. కేంద్రంలోకి వెళ్లేముందు మొహం తుడుచుకుని, నుదుటి మీద పడే జుట్టు వెనక్కి దువ్వుకోండి. ఆషాఢంలో వెళ్లే ఆడవాళ్లు వేళ్ల చివర్లకి గోరింటాకు పెట్టుకోకపోతే మంచిది, అదే కౌంటర్‌లో వేలిముద్రలు కూడా తీసుకుంటారు.

లోపల టోకెన్ ఇస్తారు. ఫొటో తీసేది మొదటి కౌంటర్‌లోనే, అక్కడే కాగితాలు స్కాన్ చేస్తారు. కళ్లజోడు తీసేయండి, అద్దం మెరిస్తే కళ్లు కనపడవు. వెన్ను నిటారుగా పెట్టి, గడ్డం ఎత్తకుండా, దించకుండా సూటిగా కెమెరాలోకి చూడాలి. నోరు మూసే ఉండాలి, పళ్లు కనపడే నవ్వు ఒప్పుకోరు. అలాగని బిగుసుకుపోనక్కర్లేదు. భుజాలు వదులు చేసి, ఓసారి ఊపిరి వదిలి, మనసులో మీ పిల్లల్ని తలుచుకోండి, కళ్లలోకి జీవం వస్తుంది. తీసేముందు ఒకసారి కళ్లు గట్టిగా మూసి తెరిస్తే రెప్ప పడదు.

తీశాక లేచి వచ్చేయకండి. "ఒకసారి చూపిస్తారా అండి? కళ్లు మూతపడ్డట్టుంటే ఇంకోటి తీయండి" అని మర్యాదగా అడగండి. మా పిన్ని మొహమాటపడి అడగలేదు. ఒక్కసారి అడిగుంటే అన్నేళ్ల బాధ తప్పేది.

నాలుగేళ్లలోపు పిల్లలకి మాత్రం ఫొటో మీరే తీసుకెళ్లాలి: 4.5 సెంటీమీటర్ల ఎత్తు, 3.5 వెడల్పు, తెల్ల బ్యాక్‌గ్రౌండ్. కూర్చోలేని పసివాళ్లని ఉతికిన తెల్ల పంచె మీద పడుకోబెట్టి, పాలు తాగి హుషారుగా ఉన్నప్పుడు పైనుంచి తీయించండి. బుగ్గ మీది దిష్టిచుక్క ఆ కాసేపు తుడిచేసి, ఫొటో అవగానే మళ్లీ పెట్టుకోండి.