సస్పెన్స్ రచన, 4వ పాఠం: పట్టపగలు, ఖాళీ రోడ్డు

ఈ పాఠంలో చీకటి సాయం తీసేద్దాం. నమూనాగా 1970 నాటి బ్రిటిష్ చిత్రం ‘అండ్ సూన్ ది డార్క్‌నెస్’ తీసుకుందాం. దర్శకుడు రాబర్ట్ ఫ్యూయెస్ట్, రచన బ్రయన్ క్లెమెన్స్, టెరీ నేషన్. స్లాషర్ సినిమాల (హంతకుడు ఒక్కొక్కరినీ వెంటాడి చంపే కథల) చర్చల్లో దీనికి దక్కాల్సిన చోటు దక్కలేదు.

జేన్, క్యాథీ ఇంగ్లండ్ నర్సులు. సెలవుల్లో ఫ్రాన్స్ పల్లెల్లో సైకిళ్ల మీద తిరుగుతుంటారు. దారిలో మాటామాటా పెరిగి జేన్ ముందుకు సాగిపోతుంది, క్యాథీ చెట్ల పక్కన ఎండలో పడుకుంటుంది. మనసు ఒప్పక జేన్ వెనక్కి వస్తే అక్కడ క్యాథీ లేదు. ఆ చెట్లు తప్ప చుట్టూ చదునైన పొలాలు, తిన్నని రోడ్డు. దాక్కునే చోటు పెద్దగా కనపడని నేల మీద మనిషి మాయమైతే, ప్రేక్షకుడు ఫ్రేమంతా తనే వెతకడం మొదలుపెడతాడు.

రెండో ఎత్తు ఇంకా గొప్పది. ఊరివాళ్ల ఫ్రెంచి మాటలకు సబ్‌టైటిళ్లు ఇవ్వలేదు. జేన్‌కు అర్థం కానిది ఫ్రెంచి రాని ప్రేక్షకుడికీ అర్థం కాదు. సాయానికి వచ్చిన స్కూటర్ మనిషి పాల్‌ను నమ్మాలో వద్దో ఆమెతో పాటు మనమూ తేల్చుకోలేం.

అభ్యాసం: మూడు నిమిషాల దృశ్యం తీయండి. కనీసం అర కిలోమీటరు కనిపించే రోడ్డు ఎంచుకుని 11 నుంచి 2 గంటల మధ్య షూట్ చేయండి. నీడలు పొట్టిగా ఉంటాయి, షాట్లు ఒకదానితో ఒకటి అతుకుతాయి. ట్రైపాడ్ మీద ఖాళీ రోడ్డు, పక్కన ఆనించి ఉంచిన సైకిల్, 10 సెకన్లు. తర్వాత నాయిక చూపు. మళ్లీ అదే ఫ్రేమ్, ఒక్క మార్పుతో: ఆ సైకిల్ లేదు. ట్రైపాడ్ కాళ్ల చోట సుద్దతో గుర్తు పెట్టండి. కెమెరా బెత్తెడు జరిగినా కన్ను ఆ కుదుపునే పట్టుకుంటుంది, మాయమైన సైకిల్‌ను పట్టించుకోదు. ఖాళీ షాట్ కింద సంగీతం వద్దు. అదే చోట గాలి, పురుగుల చప్పుడు రెండు నిమిషాలు రికార్డు చేసుకుని వాడండి.

అర్థం కాకూడని సంభాషణను గజిబిజి శబ్దాలతో నింపకండి. అసలు భాషలో, అసలు సమాచారంతో రాయండి. చెప్పే మాటకు అర్థం ఉంటేనే నటుడి ముఖంలో తొందర పలుకుతుంది. నాయిక పట్టుకోగలిగేలా ఒక్క ఊరి పేరు మాత్రం అందులో పెట్టండి.

ఎక్కువమంది చెడగొట్టేది ఇక్కడే: పొదల్లోంచి హంతకుడి చూపుగా ఒక షాట్ వేస్తారు. అతను ఎక్కడున్నాడో తెలిసిపోగానే మిగతా పొలమంతా క్షేమమైపోతుంది. ఎడిటింగ్‌లో ముందు ఆ షాట్ తీసేసి, దృశ్యాన్ని మళ్లీ చూడండి.