షఫుల్ వాయిస్తే ఊపు రావడం లేదా? లోపం ఇక్కడ వెతకండి

బేస్ గిటార్ మీద షఫుల్ అనే లయ చూడ్డానికి సులువే. బీట్‌కి రెండు నోట్లు, మొదటిది పొడుగు, రెండోది పొట్టి. కానీ ఒక్క నోటూ తప్పు పోకపోయినా పాట నడవని రోజులుంటాయి. అలాంటప్పుడు నేను ముందు చూసేది ఆ రెండు నోట్ల మధ్య ఉన్న జాగానే.

సమస్య: నడక గుర్రం దౌడులా గెంతుతోంది

కారణం: బీట్‌ని నాలుగు ముక్కలుగా లెక్కపెడుతున్నారు. "తకదిమి"లో త దగ్గర, మి దగ్గర వాయిస్తే పొట్టి నోటు ఆలస్యంగా వచ్చి తర్వాతి బీట్‌కి అతుక్కుపోతుంది. షఫుల్‌ది "తకిట" నడక. త, ట దగ్గర నోట్లు పడతాయి, కి దగ్గర కొత్త నోటు ఉండదు.

పరిష్కారం: మెట్రోనోమ్‌ని 60లో (నిమిషానికి 60 క్లిక్‌లు) పెట్టి, నోటితో తకిట అంటూ మూడక్షరాలనూ ఒకే తీగ మీద సమానంగా వాయించండి. అది కుదిరాక, కి దగ్గర ఎడమ చేతి వేళ్ళను తీగకు వదులుగా ఆనించి మూగ దెబ్బ కొట్టండి. చివరికి ఆ దెబ్బ కూడా మానేయండి, కానీ నోటితో కి అనడం ఆపకండి. ఈ దశలో తొందర పడితే చేయి మళ్ళీ పాత దారే పడుతుంది. రెండు నోట్లూ సమానంగా పడి కవాతులా వినిపిస్తున్నా మందు ఇదే.

సమస్య: టైమింగ్ సరిగ్గానే ఉంది, శబ్దం మాత్రం ముద్దగా ఉంది

కారణం: నోటు ఎక్కడ మొదలవ్వాలో చూస్తున్నాం, ఎక్కడ ఆగాలో చూడటం లేదు.

పరిష్కారం: త నోటుని కి అంతా సాగనిస్తే నడక నున్నగా ఉంటుంది. కి రాగానే ఆపేస్తే తుళ్ళుతూ ఉంటుంది. రెండూ అందమే, కానీ పాట మధ్యలో ఒకదాన్నుంచి ఇంకోదానికి జారకూడదు. ఆపేటప్పుడు వేలు పూర్తిగా ఎత్తకండి, ఒత్తిడి మాత్రం వదలండి. ఎత్తేస్తే ఖాళీ తీగ మోగుతుంది. ఈ అభ్యాసానికి ఎ మేజర్‌లో, లావు తీగ ఐదో ఫ్రెట్ దగ్గర మొదలుపెట్టడం మేలు. అక్కడ రూట్ (మూల స్వరం, ఇక్కడ ఎ) వాయించి, పక్క తీగ మీద 4, 7 ఫ్రెట్లు, దాని పక్క తీగ మీద 4, 5 ఫ్రెట్లు పట్టుకుంటే బ్లూస్‌లో ఎప్పుడూ వినిపించే వరుస వచ్చేస్తుంది. ఖాళీ తీగ అవసరమే పడదు.

సమస్య: పోనుపోను స్పీడు పెరుగుతోంది

కారణం: బలం పొట్టి నోటు మీద పడుతోంది. ట అనేది తర్వాతి త దగ్గరికి చేర్చే అడుగు మాత్రమే, దాన్ని తేలిగ్గా మీటాలి.

పరిష్కారం: పాట 120 అయితే మెట్రోనోమ్‌ని 60లో పెట్టి, ఆ క్లిక్‌ని 2, 4 బీట్లుగా వినండి. పరుగెడితే వెంటనే తెలిసిపోతుంది. మొదటి రోజు చాలా చిరాగ్గా ఉంటుంది, అయినా వదలకండి.

సమస్య: వేగంగా వాయిస్తే కుడి చేయి బిగుసుకుపోతోంది

పరిష్కారం: గట్టిగా మీటడం తగ్గించి, ఆంప్ వాల్యూమ్ పెంచండి. అప్పటికీ కష్టంగా ఉంటే బీట్‌కి ఒక్క నోటే వాయించి, ట నోటుని అక్కడక్కడా వేయండి.

సమస్య: ఒక్కరే ఉంటే బాగుంది, డ్రమ్మర్‌తో కలవడం లేదు

కారణం: తకిట అందరిదీ ఒకేలా ఉండదు. ఒకరి ట కాస్త ముందు పడుతుంది, ఇంకొకరిది కాస్త వెనక. వేగం పెరిగేకొద్దీ పొడుగు, పొట్టి తేడా కూడా తగ్గుతుంది.

పరిష్కారం: నాలుగైదు బార్లు బీట్‌కి ఒక్క నోటే వాయిస్తూ డ్రమ్మర్ హైహ్యాట్ (జంట తాళాలు) వినండి. ఆయన ట ఎక్కడ పడుతోందో దొరికాక మీదీ అక్కడే పెట్టండి. వేగం సగమైనట్టు వినిపించే హాఫ్‌టైమ్ షఫుల్‌లో అయితే గట్టి స్నేర్ డ్రమ్ దెబ్బ మూడో బీట్ మీద పడుతుంది. ఆ నడకకు పేరు తెచ్చిన డ్రమ్మర్ బెర్నార్డ్ పర్డీ శైలిలో, కి దగ్గర స్నేర్ మీద సన్నటి ఘోస్ట్ నోట్లు (వినీ వినిపించని దెబ్బలు) వినిపిస్తాయి. అక్కడ కి డ్రమ్మర్‌ది. మీరు త నోటుని కొంచెం ముందే ఆపి ఆయనకు చోటివ్వండి.