పాత కారు ఇంజను బతికించడం – పాఠం 5: గాటు కలిసింది, మరి స్టార్ట్ ఎందుకు కాలేదు?

ఈ పాఠం పెట్రోలునూ గాలినీ కలిపే కార్బురేటర్ గురించి అనుకున్నాం. అది వచ్చేసారికి జరిగింది. పోయిన పాఠం చేసినవాళ్లలో సగానికి సగం ఒకే చోట ఆగిపోయారు. పట్టేసిన ఇంజను వదులైంది, చేత్తో తిరుగుతోంది. ప్లగ్గు దగ్గర స్పార్క్ బాగానే పడుతోంది. పెట్రోలు అందుతోంది. సెల్ఫ్ కొడితే మాత్రం కార్బురేటర్ నోట్లోంచి టప్పుమని పేలుతుంది, అంతే. వెంటనే కార్బురేటర్ విప్పి టేబుల్ మీద పరిచినవాళ్లు కూడా ఉన్నారు. మళ్లీ బిగించేయండి. తప్పు అక్కడ లేదు.

అసలు ఏ ఇంజనో ఇంకా తేల్చుకోనివాళ్లకు ఒక్క మాట. ఆర్‌సీలో ఉన్న పేరు కారుది. బానెట్ కింద ఉన్నది అదే అయి ఉండాలని ఏమీ లేదు. మన చెన్నైలో పాత బండ్ల విడిభాగాలమ్మే పుదుపేట ఉన్నంతకాలం ఏ కారులో ఏ ఇంజనైనా ఉండొచ్చు. బోర్ (సిలిండర్ వ్యాసం) 73 మి.మీ., స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 88.9 మి.మీ. వస్తే 1489 సి.సి. అంబాసిడర్ ఇంజను. బోర్ 63, స్ట్రోక్ 76 వస్తే 948 సి.సి., వండలూరు ఫ్యాక్టరీలో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్‌ది. 68కి 75 వస్తే 1089 సి.సి., ఫియట్ లేదా పద్మిని. వాన్‌గార్డ్ లేదా స్టాండర్డ్ 2000 ఇంజను ఉన్నవాళ్లు మాత్రం హెడ్ తీశాక క్రాంక్ (పిస్టన్లను ఆడించే ఇరుసు) తిప్పకండి. వాటిలో లైనర్లు, అంటే పిస్టన్లు ఆడే గొట్టాలు, విడిగా కూర్చుని ఉంటాయి. పిస్టన్‌తో పాటు లైనర్ కూడా పైకి లేచిందంటే కింది గ్యాస్కెట్ పోతుంది, నీళ్లు ఆయిల్ సంపులోకి దిగుతాయి.

ఇక అసలు సంగతి. పోయినసారి, ఒక్కో ప్లగ్గుకు స్పార్క్ పంచే డిస్ట్రిబ్యూటర్ తీసి శుభ్రం చేయమన్నాను. మళ్లీ పెట్టేటప్పుడు అందరూ క్రాంక్ చివరనున్న కప్పీ (పుల్లీ) మీద గాటును టైమింగ్ కవర్ మీది గుర్తుకు కలిపారు. దాని లోపల తిరిగే రోటర్‌ను ఒకటో నంబర్ వైరు వైపు తిప్పి బిగించారు. ‘గాటు కరెక్ట్‌గానే ఉంది సార్’ అంటున్నారు. గాటు కరెక్టే. కానీ గాటు చెప్పేది ఒకటో పిస్టన్ పైన ఉందని మాత్రమే. ఏ పని మీద పైకి వచ్చిందో అది చెప్పదు.

ఫోర్ స్ట్రోక్ ఇంజనులో ఒక పూర్తి వరసకు క్రాంక్ రెండు చుట్లు తిరుగుతుంది. అందులో ఒకటో పిస్టన్ రెండుసార్లు పైకి వస్తుంది. ఒకసారి పెట్రోలు-గాలి మిశ్రమాన్ని నొక్కడానికి (కంప్రెషన్), ఇంకోసారి పొగను బయటికి తోయడానికి (ఎగ్జాస్ట్). గాటు రెండుసార్లూ కలుస్తుంది. పైగా ఒకటో పిస్టన్, నాలుగో పిస్టన్ ఎప్పుడూ కలిసే లేస్తాయి, కలిసే దిగుతాయి. ఒకటి నొక్కుతుంటే నాలుగు పొగ తోస్తుంటుంది. మీరు పొగ తోసే స్ట్రోక్‌లో రోటర్‌ను ఒకటికి చూపిస్తే, స్పార్క్ సరిగ్గా ఇన్‌టేక్ వాల్వ్ తెరుచుకుంటున్న క్షణంలో పడుతుంది. ఆ నిప్పు మానిఫోల్డ్ (మిశ్రమం వచ్చే గొట్టం) గుండా కార్బురేటర్‌లోకి తన్నుతుంది. మీరు విన్న టప్పు అదే.

‘డిస్ట్రిబ్యూటర్ ఒక్క విధంగానే కూర్చుంటుంది కదా’ అని అడుగుతారు. నిజమే. అంబాసిడర్‌లోనూ హెరాల్డ్‌లోనూ దాని అడుగున ఉండే నాలుక మధ్యలో కాకుండా కొంచెం పక్కకు ఉంటుంది, తిరగేసి పెడితే దిగదు. కానీ దాని కింద ఉన్న డ్రైవ్ షాఫ్ట్‌ను కూడా లాగేసినవాళ్లకు ఆ రక్షణ పోయింది. మీకంటే ముందు ఎవరో మెకానిక్ లాగి ఉన్నా అంతే.

ప్లగ్గు రంధ్రం మీద వేలు పెట్టి గాలి తోస్తే అదే కంప్రెషన్ అని అందరూ చెబుతారు. ఏళ్ల తరబడి షెడ్డులో పడున్న ఇంజనుకు అది నేను ఒప్పుకోను. రింగులు గాడుల్లో అతుక్కుని ఉంటాయి, వాల్వులు సరిగ్గా మూసుకోవు. వేలికి ఏమీ తగలదు. నేను చేసేది వేరు: రాకర్ కవర్ (వాల్వుల మీది మూత) తీసి నాలుగో సిలిండర్ వాల్వులు చూస్తాను. గాటు కలిసినప్పుడు అక్కడ ఒక వాల్వ్ లేచి మూసుకుంటూ ఉండగానే రెండోది దిగడం మొదలుపెడుతుంటే, ఒకటో సిలిండర్ కంప్రెషన్‌లో ఉన్నట్టే. ఆ ఊగులాట ఒకటో సిలిండర్‌లో కనిపిస్తే క్రాంక్ ఇంకో పూర్తి చుట్టు తిప్పండి. 1476 సి.సి. సైడ్‌వాల్వ్ ఉన్న తొలి అంబాసిడర్లకు పైన రాకర్లే ఉండవు, బ్లాక్ పక్కనున్న రేకు తీసి చూడాలి.

క్యాప్ మీద వైర్లను ఎదురెదురుగా మార్చేస్తే, అంటే 1 చోట 4, 3 చోట 2 పెడితే, ఇంజను స్టార్ట్ అవుతుంది. షెడ్లలో చాలామంది చేసేది ఇదే. నాకు నచ్చదు. రేపు ఇంకొకరు పుస్తకం చూసి వైర్లు సరిచేస్తారు, మళ్లీ మొదటికొస్తుంది. డ్రైవ్ షాఫ్ట్ తీసి సరిగ్గా పెట్టండి.

ఇంకో రకం ఫిర్యాదు: స్టార్ట్ అవుతోంది కానీ రెండు సిలిండర్ల మీదే నడుస్తూ కారంతా ఊగిపోతోంది. వీళ్లు స్పార్క్ పడాల్సిన 1-3-4-2 వరసను గడియారం దిశలో పెట్టారు. అంబాసిడర్, హెరాల్డ్ ఇంజన్లు రెండింటిలోనూ రోటర్ పైనుంచి చూస్తే గడియారానికి ఎదురు దిశలో తిరుగుతుంది. తిరగేసి పెట్టినా 1, 4 తమ చోట్లలోనే ఉంటాయి, 2, 3 తారుమారవుతాయి. అందుకే రెండే పనిచేస్తాయి. పుదుపేటలో కొన్న డిస్ట్రిబ్యూటర్ అయితే ముందు రోటర్ ఎటు తిరుగుతుందో చూసి వైర్లు పెట్టండి.

ఈ రెండింటిలో డిస్ట్రిబ్యూటర్ పాయింట్ల మధ్య గ్యాప్ 0.35 నుంచి 0.40 మి.మీ. మధ్య ఉంచండి. బ్యాటరీ, ఎర్తు సంగతి చెప్పక్కర్లేదు. ప్లగ్గులు తీసేసి, ఆయిల్ ప్రెషర్ గేజ్ ముల్లు లేచేదాకా సెల్ఫ్ తిప్పాకే ప్లగ్గులు పెట్టండి. హ్యాండిల్ కొట్టేవాళ్లు బొటనవేలిని మిగతా వేళ్ల వైపే ఉంచాలి. టైమింగ్ తప్పుంటే హ్యాండిల్ వెనక్కి తన్నుతుంది, మణికట్టు విరుగుతుంది.

అభ్యాసం: ప్లగ్గులు తీసి, ఒకటో సిలిండర్‌ను కంప్రెషన్ చివరకు తెచ్చి, క్రాంక్‌ను అరచుట్టు చొప్పున నాలుగుసార్లు తిప్పండి. ప్రతి అరచుట్టులో నాలుగు సిలిండర్లూ ఏ స్ట్రోక్‌లో ఉన్నాయో వాల్వులు చూసి రాయండి, మొత్తం 16 గళ్లు. మొదటి వరస నేనే ఇస్తాను: ఒకటి పవర్, రెండు ఎగ్జాస్ట్, మూడు కంప్రెషన్, నాలుగు ఇన్‌టేక్. అడ్డంగా గానీ నిలువుగా గానీ ఒకే పేరు రెండుసార్లు వస్తే తప్పు చూసినట్టు. తర్వాత ఇంట్లో ఎవరినైనా క్రాంక్ ఇష్టమొచ్చినంత తిప్పమనండి. మీరు గాటు చూడకుండా, వాల్వులు మాత్రమే చూసి, తర్వాత స్పార్క్ పడాల్సింది ఏ సిలిండర్‌లోనో చెప్పాలి. వరసగా పదిసార్లు సరిగ్గా చెప్పగలిగినవాళ్లే డిస్ట్రిబ్యూటర్ మళ్లీ ముట్టుకోండి.