‘సరే తియ్’ అంటరు, చెయ్యరు: ఎందుకు, ఏం చెయ్యాలె

సమస్య: వరంగల్ ఎనుమాముల మార్కెట్లో అడ్తి (రైతుల పంట కమిషన్ మీద అమ్మిపెట్టే) దుకాణం. “తమ్మీ, తక్‌పట్టీలు చిట్టాల ఎక్కియ్యి” అంటాడు అన్న. తక్‌పట్టీ అంటే రైతుకిచ్చే తూకం, ధరల లెక్క చీటీ; చిట్టా అంటే లెక్కల పుస్తకం. “సరే తియ్ అన్నా” అంటాడు తమ్ముడు. తెల్లారి చూస్తే కట్ట విప్పనే లేదు. అడిగితే “మర్చిపోయిన”. గట్టిగా అడిగితే సగం ఎక్కిస్తాడు, అదీ తప్పులతో. పైగా “దుకాణం నీది, నాదేమున్నది” అని వినపడీ వినపడనట్టు గొణుగుతాడు.

దీన్నే పాసివ్ అగ్రెసివ్ అంటున్నారు. 1945లో అమెరికా సైన్యంలో, ఆజ్ఞను ఎదిరించకుండానే పని ఎగ్గొట్టే సైనికుల గురించి పుట్టిన మాట. 1994లో అక్కడి మానసిక వైద్యుల పుస్తకం దీన్ని వ్యాధుల జాబితా నుంచి అనుబంధంలోకి నెట్టింది, 2013లో పూర్తిగా వదిలేసింది. కాబట్టి మనిషికి ముద్ర వెయ్యకండి, నడతను చూడండి.

కారణం పట్టుకోవడం: మరుపు ఎవరి పనికి వస్తోంది? దోస్తు పని గుర్తుండి అన్న పనే మరిచిపోతే అది మరుపు కాదు, కోపం. సొంత బండి కిస్తీ కూడా మరిచిపోతూ, నిద్ర, తిండి తగ్గి, రెండు వారాలకు పైగా దిగులుగా ఉంటే డిప్రెషన్ కావచ్చు. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక విభాగం ఉంది, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేసినా సరే. ఇంట్లో, పనిలో, దోస్తుల దగ్గర ఏళ్ల తరబడి ఇదే తీరైతేనే స్వభావం. ఒక్కరి దగ్గరే అయితే ఆ ఇద్దరి మధ్య తేలని లెక్క ఏదో ఉన్నట్టు.

అసలు ప్రశ్న వేరే ఉంది: ఆ ఇంట్లో “నాతోని కాదు” అనే వీలుందా? అన్నందుకు తిట్లు పడితే, “సరే” అని ఎగ్గొట్టడమే మిగిలిన దారి. కొత్త కోడళ్ల విషయంలో ఇది మరీ ఎక్కువ. దెబ్బలకు భయపడి నోరు మెదపకపోతే అది మొండితనం కానే కాదు. మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చెయ్యాలి.

పరిష్కారం: పని, గడువు, కాదనే వీలు ఒక్క మాటలో పెట్టండి. “శుక్రవారం ఆరింటి లోపల ఇరవై తక్‌పట్టీలు ఎక్కియ్యాలె. కాదంటే ఇప్పుడే చెప్పు, ఏమనను.” కాదంటే నిజంగానే ఏమనకండి, అక్కడ కసిరితే మళ్లీ “సరే తియ్” మొదలు. ఒప్పుకొని చెయ్యకపోతే మీరు కూర్చుని పూర్తి చెయ్యకండి. రైతుకు జవాబు అతన్నే చెప్పనియ్యండి.

“కోపమా?” అని అడిగితే “ఏం లేదు” అనే వస్తుంది. కనపడ్డదే చెప్పండి: “మూడు రోజులాయె, నాతో మాట్లాడుతలేవు. వాటా ముచ్చటేనా?” పెద్దమనుషుల ముందు మాత్రం అడగకండి, బిగుసుకుపోతాడు. మొదట్లో అలక ఇంకా పెరుగుతుంది, అప్పుడు పద్ధతి మార్చొద్దు.