భాజకాల ప్రోగ్రామ్ రాసే ముందు జాగ్రత్తలు

తిరుపతి ల్యాబుల్లో 8086 మైక్రోప్రాసెసర్‌తో మొదటిసారి కుస్తీ పట్టబోయే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు (ఒక సంఖ్యను వరుసగా భాగిస్తూ, శేషం సున్నా వచ్చిన భాజకాలన్నీ పట్టుకోవడమే ఈ ప్రోగ్రామ్ పని):

- ప్రతి డివ్‌కు (DIV, భాగహార ఆదేశం) ముందు డీఎక్స్‌ను (DX, శేషం పడే రిజిస్టర్, అంటే ప్రాసెసర్ లోపలి చిన్న నిల్వ గది) సున్నా చేయండి. లూప్ బయట ఒక్కసారి చేస్తే చాలదు. పాత శేషం అందులోనే కూర్చుని, తర్వాతి భాగహారంలో కలిసిపోతుంది. ప్రోగ్రామ్ ఆగదు, జవాబే తప్పుతుంది. నేను ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నది ఇక్కడే.
- భాగఫలం ఏఎక్స్ (AX) రిజిస్టర్‌లో పడి, అక్కడున్న సంఖ్యను చెరిపేస్తుంది కనుక అసలు సంఖ్యను మరో రిజిస్టర్ ఎస్ఐలో (SI) దాచుకోండి.
- భాజకం 1తో మొదలు. సున్నాతో కాదు.
- పోలికకు జేఎల్ఈ (JLE) వద్దు, జేబీఈ (JBE) వాడండి; రెండూ ‘చిన్నదో సమానమో అయితే దూకు’ అనే ఆదేశాలే. మొదటిది 40000ను రుణసంఖ్య అనుకుంటుంది.
- ముందు నిదానంగా నడిచేదే రాయండి, మెరుగులు తర్వాత. మెరుగు అంటే వర్గమూలం దాకానే వెతకడం. అలిపిరి మెట్లు 3550 తీసుకోండి, వర్గమూలం సుమారు 59.6: 59 దాకా వెతికితే 1, 2, 5, 10, 25, 50 దొరుకుతాయి, వాటి భాగఫలాలే మిగతా ఆరు. 36 వంటి వర్గసంఖ్యకు మాత్రం 6 రెండుసార్లు రాకుండా చూడండి.