ఆరోగ్య సంక్షోభంలో అద్దె కట్టలేకపోతే: అమెరికాలో స్థానిక అత్యవసర సాయం పొందే పద్ధతి

అమెరికాలో అద్దె ఇంట్లో ఉంటున్న కుటుంబానికి ప్రజారోగ్య సంక్షోభం వల్ల జీతం ఆగిపోయి అద్దె బకాయి పడితే రెండు పనులు మీద పడతాయి. స్థానిక ప్రభుత్వం నుంచి అద్దె డబ్బు సంపాదించుకోవడం ఒకటి, ఇల్లు ఖాళీ చేయించడానికి యజమాని కోర్టులో వేసే కేసును ఎదుర్కోవడం రెండోది. ఈ రెండూ వేర్వేరు చోట్ల, వేర్వేరు గడువులతో నడుస్తాయి. దరఖాస్తు పెట్టాం కాబట్టి కేసు ఆగిపోతుందని నమ్మి వాయిదాకు వెళ్లకపోవడం కన్నా ప్రమాదకరమైన పని ఈ వ్యవహారంలో మరొకటి లేదు.

కోవిడ్ కాలపు ఏర్పాటును అర్థం చేసుకుంటే మరో సంక్షోభంలో ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. 2020 డిసెంబరులో వచ్చిన చట్టం కింద 2,500 కోట్ల డాలర్లు, 2021 మార్చిలో వచ్చిన చట్టం కింద మరో 2,155 కోట్ల డాలర్లు అత్యవసర అద్దె సాయానికి కేటాయించారు. కేంద్ర ఖజానా శాఖ ఈ డబ్బును నేరుగా అద్దెదారులకు ఇవ్వలేదు. రాష్ట్రాలకు, గిరిజన ప్రభుత్వాలకు, రెండు లక్షలకు మించి జనాభా ఉన్న నగరాలకు, కౌంటీలకు (మన జిల్లాల వంటి విభాగాలకు) పంచింది. అందువల్ల ఒకే రాష్ట్రంలో రాష్ట్రానికొక పథకం, కౌంటీకొక పథకం, నగరానికొక పథకం పక్కపక్కనే నడిచాయి. ఆ కేంద్ర నిధుల గడువు 2025 సెప్టెంబరు 30తో ముగిసింది. ఇప్పుడు సాయం కావలసినవారు స్థానిక సహాయ పథకాల వివరాలు చెప్పే 211 నంబరుకు ఫోన్ చేసి తమ కౌంటీలో, నగరంలో ఏ నిధి తెరిచి ఉందో అడగడం దగ్గరి దారి.

ముందుగా తేల్చుకోవలసింది మీ ఇల్లు ఎవరి పరిధిలోకి వస్తుందన్నది. తపాలా చిరునామాలో నగరం పేరు ఉన్నంత మాత్రాన ఇల్లు ఆ నగరపు హద్దుల్లో ఉన్నట్టు కాదు. కౌంటీ ఆస్తి పన్ను రికార్డులో చూస్తే సంగతి తేలుతుంది. పరిధి కాని పథకానికి దరఖాస్తు పెడితే అది తిరస్కరణకు గురయ్యేలోపు సరైన పథకంలోని డబ్బు అయిపోవచ్చు.

అర్హత విషయంలో కోవిడ్ నాటి నియమాలు మంచి నమూనా. కుటుంబ ఆదాయం ఆ ప్రాంతపు మధ్యస్థ ఆదాయంలో (సగం కుటుంబాలకు అంతకన్నా ఎక్కువ, సగం కుటుంబాలకు తక్కువ ఉండే మొత్తంలో) 80 శాతానికి మించకూడదు; కుటుంబంలో ఎవరో ఒకరికి ఆర్థికంగా దెబ్బ తగిలి ఉండాలి; ఇల్లు కోల్పోయే ముప్పు ఉన్నట్టు కనబడాలి. ఆదాయం 50 శాతం లోపు ఉన్నవారికీ, మూడు నెలలుగా పని లేనివారికీ ప్రాధాన్యం ఇచ్చారు. 2020 చట్టం కింద ఆదాయాన్ని ఆ ఏడాది మొత్తం మీద గానీ, దరఖాస్తు నాటి నెల ఆదాయం మీద గానీ లెక్క కట్టే వీలుండేది. నిరుటి జీతం బాగుండి ఇప్పుడు చేతిలో ఏమీ లేనివారు ఇటువంటి వీలుందేమో తప్పక అడగాలి, ఎందుకంటే పాత పన్ను రిటర్న్ ఒక్కటే చూసి తమకు అర్హత లేదని వారే నిర్ణయించుకునే అవకాశం ఉంది. కేంద్ర చట్టంలో వలస స్థితికి సంబంధించిన షరతు ఏదీ పెట్టలేదు. అయినా వీసాపై ఉన్నవారు స్థానిక నిబంధనలను చదివి, సందేహం ఉంటే ఉచిత న్యాయసహాయ సంస్థను అడిగి ముందుకు వెళ్లడం మేలు.

కాగితాల్లో గుర్తింపు కార్డు, లీజు, ఎన్ని నెలల బకాయి ఉందో చూపే అద్దె ఖాతా, ఉద్యోగం పోయినట్టు గానీ పనిగంటలు తగ్గినట్టు గానీ చూపే లేఖ, ఇటీవలి జీతపు చీటీలు, యజమాని ఇచ్చిన నోటీసు ముఖ్యమైనవి. కరెంటు, నీటి బిల్లుల బకాయిలు కూడా జత చేయాలి, ఎందుకంటే కోవిడ్ సాయం వాటికి కూడా వర్తించింది. లీజులో పేరు లేకుండా స్నేహితుల ఇంట్లో వాటా కడుతూ ఉన్నవారు ఊరుకోనక్కరలేదు. రాతపూర్వకమైన స్వీయ ధ్రువీకరణను అంగీకరించడానికి ఖజానా శాఖ స్థానిక పథకాలకు వీలిచ్చింది. అద్దె ఎంతో చూపే ఆధారమే లేనప్పుడు, ఆ ధ్రువీకరణ మీద ఒకసారికి మూడు నెలల సాయం మాత్రమే ఇచ్చేవారు. అందుచేత ప్రతి నెలా వాటా డబ్బును నగదుగా కాక బ్యాంకు ద్వారా పంపి, ఆ జాబితాను దాచుకోవడం ఏ కాలంలోనైనా పనికొస్తుంది.

డబ్బు సాధారణంగా యజమానికే వెళుతుంది, కాబట్టి దరఖాస్తుకు ముందే ఆయనకు ఈమెయిల్ రాసి సహకారం కోరాలి. ఫోన్‌లో చెప్పిన మాటకు సాక్ష్యం ఉండదు. యజమాని ససేమిరా అంటే దారి మూసుకుపోయినట్టు కాదు: పథకం వారు తపాలా ద్వారా అడిగిన ఏడు రోజుల్లో జవాబు రాకపోతే, లేదా అయిదు రోజుల వ్యవధిలో కనీసం మూడుసార్లు ఫోన్, ఈమెయిల్ చేసినా స్పందన లేకపోతే, డబ్బును అద్దెదారుకే ఇవ్వడానికి కోవిడ్ నాటి మార్గదర్శకాలు అనుమతించాయి. దరఖాస్తుకు రుసుము అడిగేవారెవరైనా మోసగాళ్లే అనుకోవచ్చు.

ఇక కోర్టు సంగతి. కోవిడ్ కాలంలో న్యూయార్క్‌లో అద్దె సాయానికి దరఖాస్తు చేస్తే, అర్హత తేలేదాకా కేసు ఆగేలా చట్టమే చేశారు. ఫిలడెల్ఫియాలో యజమాని కేసు వేయడానికి ముందే అద్దె సాయానికి దరఖాస్తు చేయాలని మున్సిపల్ కోర్టు ఆదేశించింది. టెక్సస్‌లో ఇరుపక్షాలూ ఒప్పుకుంటే కేసును 60 రోజులు పక్కన పెట్టే ఏర్పాటు ఉండేది. ఇటువంటి రక్షణ లేని చోట్ల దరఖాస్తు పరిశీలనలో ఉండగానే తీర్పులు వచ్చే వీలుంది. దేశవ్యాప్తంగా ఖాళీ చేయించడాన్ని ఆపిన కేంద్ర ఆరోగ్య సంస్థ సీడీసీ (వ్యాధి నియంత్రణ కేంద్రాలు) ఉత్తర్వు సైతం 2021 ఆగస్టు 26న సుప్రీంకోర్టు నిర్ణయంతో నిలిచిపోయింది.

కనుక సమన్లు అందిన రోజే అందులోని గడువును చూసి, రాతపూర్వక సమాధానం ఇవ్వాలో, నేరుగా వాయిదాకు హాజరు కావాలో తెలుసుకోవాలి. రాష్ట్రాన్ని బట్టి ఇది మారుతుంది, కొన్నిచోట్ల గడువు కొద్ది రోజులే. వాయిదాకు దరఖాస్తు రసీదు, దాని సంఖ్య, యజమానికి రాసిన ఈమెయిళ్లు అచ్చు తీసి పట్టుకెళ్లి, సాయం వచ్చేదాకా గడువు ఇవ్వమని న్యాయమూర్తిని స్పష్టంగా అడగాలి. అడగకపోతే ఆ కాగితాలు ఆయన ముందుకు రావు. హాజరు కాకపోతే ఏకపక్షంగా తీర్పు వస్తుంది, ఆ తర్వాత మంజూరైన డబ్బుతో ఇల్లు నిలవడం కష్టం.

మంజూరైన తర్వాత బకాయి సున్నా అయిందని చూపే అద్దె ఖాతాను యజమాని నుంచి రాతపూర్వకంగా తీసుకోవాలి. రాబోయే నెలల అద్దెకు కూడా సాయం మంజూరైతే, మళ్లీ ఆదాయ ధ్రువీకరణ ఎప్పుడు ఇవ్వాలో రాసి పెట్టుకోవాలి. 2020 నిధుల కింద రాబోయే నెలల అద్దెను ఒకసారికి మూడు నెలలకే ఇచ్చేవారు, అదీ పాత బకాయి తీర్చాకే. కేసు పెండింగులో ఉంటే యజమాని దాన్ని ఉపసంహరించుకున్నట్టు కోర్టు ఫైలులో నమోదైందో లేదో స్వయంగా చూసుకోవాలి, ఎందుకంటే రేపు మరో ఇంటికి దరఖాస్తు చేసినప్పుడు అద్దెదారుల నేపథ్యం పరిశీలించే సంస్థలు వెతికేది ఆ ఫైలునే.